అరిజోనా ఎడారిలో కుక్కతో చెరువు గట్టు నడక: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

ఫీనిక్స్ చుట్టుపక్కల చాండ్లర్, గిల్బర్ట్, టెంపీ, మేసాల్లో కొత్తగా కుక్కను తెచ్చుకున్న ఇళ్లలో మొదటి వేసవి పొరపాటు దాదాపు ఒక్కటే. "చెరువు దగ్గరికి తీసుకెళ్దాం, చల్లగా ఉంటుంది" అనుకుంటారు. ఇక్కడిది సొనోరన్ ఎడారి, ఇందులో నీళ్లున్నంత మాత్రాన గట్టు చల్లబడదు. చాలా గట్ల మీద ఉండేది కాంక్రీటు బాట, నీడ తక్కువ. ఆ నీళ్లు చాలాచోట్ల కుక్క తాగడానికీ పనికిరావు, దిగడానికీ వీల్లేదు. అందుకే ఇక్కడ ముందు టైము చూసుకోవాలి, తర్వాత నేల, ఆ తర్వాతే ఏ చెరువు అన్నది.

1. ముందు గడియారం చూడండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. ఇక్కడ ఆ కార్తె జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. 2023లో జూన్ 30 నుంచి జులై 30 వరకు, వరుసగా 31 రోజులు, ఫీనిక్స్‌లో ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 సెల్సియస్‌కు, తగ్గలేదు.

నవంబరు నుంచి మార్చి దాకా ఏ వేళైనా వెళ్లొచ్చు, కాకపోతే మార్చి మధ్యాహ్నాల్లో ముందు నేల చూసుకోవాలి. ఏప్రిల్, మే, అక్టోబరుల్లో ఉదయం ఎనిమిదిన్నరలోపు ముగించండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు రాకముందే బయల్దేరాలి. జూన్‌లో ఐదుంపావు దాటగానే తెల్లారిపోతుంది కాబట్టి ఐదింటికి గుమ్మం దిగితే ఆరుంపావుకల్లా ఇంట్లో ఉండాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే ఈ విషయం వాళ్లకు విడమరిచి చెప్పండి. మన ఊళ్లో సాయంత్రం ఆరింటికి గాలి తిరుగుతుంది, అందరూ బయటికి వస్తారు. అదే అలవాటుతో ఇక్కడ జులైలో సాయంత్రం ఆరింటికి కుక్కను పట్టుకుని బయల్దేరితే అది దాదాపు మిట్టమధ్యాహ్నం కిందే లెక్క. సూర్యుడు దిగేది ఏడున్నర దాటాక. దిగాక కూడా పగలంతా పీల్చిన వేడిని తారు రోడ్డు గంటల తరబడి వదులుతూనే ఉంటుంది. రోజు మొత్తంలో నేల అన్నిటికంటే చల్లగా ఉండేది తెల్లవారుజామునే.

ఇంకో నిబంధన కూడా ఉంది. ఫీనిక్స్ నగరపాలక సంస్థ కొండ పార్కుల్లో, ప్రిజర్వుల్లో (రక్షిత ప్రకృతి ప్రాంతాల్లో) ఎండ 100 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, తాకితే ట్రెయిల్స్ మీదికి కుక్కల్ని రానివ్వరు. క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కే రెండు దారుల్లోనూ, పీస్టేవా శిఖరం దారిలోనూ ఏ కాలంలోనైనా కుక్కలకు ప్రవేశం లేదు. చుట్టాలొచ్చారని కుక్కతో సహా క్యామెల్‌బ్యాక్‌కు బయల్దేరకండి.

2. నేలను చేత్తో చూడండి

ఫోన్‌లో కనిపించేది గాలి వేడి. కుక్క నడిచేది నేల మీద. గాలి 77 ఫారన్‌హీట్ ఉన్నప్పుడే ఎండలోని తారు రోడ్డు 125 దాకా పోతుంది. గాలి 87 అయితే తారు 143. నేల 125 ఉంటే నిమిషంలో చర్మం కమిలిపోతుంది. అంటే మనకు "హాయిగా ఉంది" అనిపించే మార్చి మధ్యాహ్నం కూడా పార్కింగ్ లాట్ కుక్క పాదాలకు పెనమే.

పరీక్ష తేలిక. అరచేతిని కాదు, చేతి వెనకభాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే నడక లేదు. అయితే ఒక్కచోటే చూసి ఊరుకోవద్దు. ఇంటి ముందు నీడలో ఉన్న కాంక్రీటు చల్లగానే ఉంటుంది. కాళ్లు కాలేది చెరువు దగ్గర కారు ఆపాక, పార్కింగ్‌లోని నల్లటి తారు దాటే ఆ ముప్పై అడుగుల్లోనే. చిన్న కుక్కయితే ఆ దూరం ఎత్తుకుని దాటించండి.

బూట్లు వేద్దామనుకుంటే కొన్న రోజే వేసి బయటికి తీసుకెళ్లకండి. కోతి నాట్యం చేస్తుంది. వారం పాటు ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు వేసి అలవాటు చేయండి. నడక మధ్యలో ఒకసారి విప్పి చూడండి. లోపల చిన్న గులకరాయి చేరితే మైలు దూరంలో పుండు పడుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, బూటు పాదాన్ని కాపాడుతుందే గానీ ఒంటిని కాదు. బూట్లున్నాయి కదా అని పదింటికి బయల్దేరితే కాళ్లు బాగానే ఉంటాయి, కుక్కకు వడదెబ్బ తగులుతుంది.

3. సంచిలో ఏముండాలి

నీళ్లు మీకు వేరు, కుక్కకు వేరు. మామూలు రోజున కుక్కకు కిలో బరువుకు సుమారు 60 మిల్లీలీటర్లు కావాలి. అంటే 30 కిలోల లాబ్రడార్‌కు రోజుకు 1.8 లీటర్లు. ఎండకాలంలో, నడకలో, ఇంకా ఎక్కువ పడుతుంది. గంట నడకకు దాని కోసమే లీటరు సీసా ఒకటి, మడిచే గిన్నె ఒకటి పట్టండి. ఇక్కడి పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు. కుక్క అయితే రొప్పడం ద్వారానే నీళ్లు పోగొట్టుకుంటుంది. అది అడిగే దాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు పట్టించండి.

నీళ్ల తర్వాత ముఖ్యమైనది పళ్లు ఎడంగా ఉన్న ఇనుప దువ్వెన. ఎందుకో కింద చెప్తాను. దాంతోపాటు చిన్న కటింగ్ ప్లయర్, ట్వీజర్స్, తడి తువ్వాలు, మలం ఎత్తే సంచులు, తెల్లవారకముందు బయల్దేరుతున్నారు కాబట్టి టార్చి. మీ దగ్గర్లో 24 గంటలూ తెరిచి ఉండే పశువుల ఎమర్జెన్సీ ఆస్పత్రి నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. అక్కడ పాము విషానికి విరుగుడు మందు స్టాకు ఉంటుందా అని ముందే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

లీష్ ఆరడుగులు మించకూడదు. కౌంటీ పార్కుల్లో అదే నిబంధన. బటన్ నొక్కితే సాగిపోయే రకం లీష్ ఎడారిలో పనికిరాదు. కారణం పాము దగ్గర చూస్తారు. మూడు నెలలు దాటిన కుక్కకు రేబిస్ టీకా, మారికోపా కౌంటీ లైసెన్సు తప్పనిసరి. ఆ బిళ్ల మెడపట్టీకి తగిలించే ఉంచండి.

పెరుగన్నం కడుపునిండా పెట్టి వెంటనే తీసుకెళ్లకండి, ముఖ్యంగా ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్ని. కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. నడిచొచ్చి కాస్త చల్లబడ్డాకే తిండి.

4. ఏ చెరువుకు వెళ్లాలి

ఇక్కడ మీరు చూసే చెరువులన్నీ మనిషి కట్టినవే. వాటిలో మూడు రకాలు, మూడింటికీ పద్ధతులు వేరు.

మొదటివి ఊళ్లోని పార్కు చెరువులు. చాండ్లర్‌లో ఉన్నవాళ్లకు వెటరన్స్ ఒయాసిస్ పార్కు, గిల్బర్ట్‌లో వాటర్ రాంచ్ దగ్గరి రైపేరియన్ ప్రిజర్వ్. రోజువారీ నడకకు ఇవే మేలు. దారి చాలావరకు కాంక్రీటు కాదు, గట్టిపడిన మట్టి, సన్న కంకర. తారు కంటే తక్కువ కాలుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ హాయి. ఈ రెండు చోట్లా గుంటల్లో నింపేది శుద్ధి చేసిన వాడుకనీరు, అది భూమిలోకి ఇంకడానికి. కొంగలు, బాతులు దాని మీదే బతుకుతాయి గానీ కుక్కకు అది తాగునీరు కాదు. లీష్ వదలకూడదు. రైపేరియన్‌లో పక్షుల ఫొటోలు తీసేవాళ్లు గంటల తరబడి కదలకుండా నిలబడి ఉంటారు. వాళ్ల పక్క నుంచి మొరిగే కుక్కతో పోతే పలకరింపులేమీ ఉండవు.

ఈ పార్కు చెరువుల్లో చేపలు పడతారు. అసలు చిక్కు అక్కడే. గట్టున తెగిపడిన దారం, ఎర వాసన వచ్చే గాలం కుక్క నోటికి తగులుతాయి. గాలం పెదవికి గుచ్చుకుంటే వెనక్కి లాగకండి, ముల్లు ఇంకా చీరేస్తుంది. దారాన్ని జానెడు వదిలి కత్తిరించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మింగేసి దారం మాత్రం నోట్లోంచి వేలాడుతుంటే దాన్ని ఏ పరిస్థితుల్లోనూ లాగకూడదు.

రెండో రకం టెంపీ టౌన్ లేక్, దాని సంగతి వేరు. ఎండిపోయిన సాల్ట్ నది మధ్యలో అడ్డుకట్టలు వేసి 1999లో నింపారు. పొడవు సుమారు రెండు మైళ్లు. 2010 జులైలో పడమటి వైపు రబ్బరు డ్యామ్ పగిలి చెరువు ఖాళీ అయింది, 2016లో దాని బదులు ఉక్కు డ్యామ్ వచ్చింది. రెండు గట్ల మీదా మంచి బాట ఉంది. యూనివర్సిటీ పిల్లలకు నడక దూరం. కానీ పూర్తిగా గట్టి బాట, చెట్లు తక్కువ, నీడంటే వంతెనల కిందే. మిల్ అవెన్యూ వంతెనల నుంచి ఆర్ట్స్ సెంటర్ దగ్గరి నడక వంతెన దాకా పోయి, అవతలి గట్టున తిరిగి వస్తే చిన్న కుక్కకు సరిపోతుంది. చెరువులో కుక్కను దించకూడదు. గట్టు పక్క పచ్చికలోకి వెళ్లే ముందు అక్కడి బోర్డు చదవండి, కొన్ని భాగాల్లోకి కుక్కలకు అనుమతి లేదు. సైకిళ్లు, స్కూటర్లు వెనక నుంచి చప్పుడు లేకుండా వస్తాయి. కుక్క మీ కుడిపక్కన, లీష్ చేతికి చుట్టి పొట్టిగా ఉండాలి.

ఈదడమే కావాలంటే ఊళ్లో గిల్బర్ట్‌లోని కాస్మో డాగ్ పార్కు ఉంది. అక్కడ కుక్కల కోసమే చెరువు కట్టారు, దూకడానికి చిన్న రేవు కూడా ఉంది. నీటి శుభ్రత కోసం అప్పుడప్పుడు మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి.

మూడో రకం ఊరి బయటి పెద్ద జలాశయాలు. సాల్ట్ నది మీద సగువారో, కాన్యన్ లేక్, వెర్డే నది మీద బార్ట్‌లెట్, వాయవ్యంలో లేక్ ప్లెజెంట్. శీతాకాలపు శనివారానికి ఇవి చాలా బాగుంటాయి. సగువారో దగ్గర బుచర్ జోన్స్ ట్రెయిల్ గట్టు వెంబడే వెళ్తుంది, ఒకవైపే సుమారు రెండున్నర మైళ్లు. అంటే రానూపోనూ ఐదు. కుక్క మొదటి మైలులో ఉరుకుతుంది, మీరు తిరిగొచ్చే మైలును లెక్కలో పెట్టుకోండి. తెచ్చిన నీళ్లలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగాలి. సగువారో, కాన్యన్, బార్ట్‌లెట్ టోంటో జాతీయ అటవీ ప్రాంతంలో ఉన్నాయి. వాహనానికి టోంటో పాస్ కావాలి, ఊళ్లోనే కొనేయండి. గట్టు దగ్గర ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. లేక్ ప్లెజెంట్ కౌంటీ పార్కు, గేటు దగ్గర రుసుము కడతారు. అక్కడ అడవి గాడిదలు తిరుగుతుంటాయి, సాల్ట్ నది దిగువన అడవి గుర్రాలు. వాటిని చూసి మీ కుక్క మొరిగితే అవి పారిపోకుండా మీదికి రావొచ్చు. యాభై అడుగుల దూరం పాటించండి.

జలాశయాల అంచులు చెరువు రేవుల్లా ఏటవాలుగా ఉండవు. రెండడుగులు వేశాక ఒక్కసారిగా లోతు. ఈత వచ్చిన కుక్కకైనా లైఫ్ జాకెట్ వేయండి.

5. నీటి రంగు చూడండి

ఎండాకాలం చివర్లో, గాలి లేని రోజున, నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టో, పెసరపప్పు పలచగా చేసినట్టో కనిపిస్తే కుక్కను అంచుకు కూడా రానివ్వకండి. అది విషపు పాచి కావచ్చు. దానికి విరుగుడు లేదు, గంటలోపే ప్రాణం తీయగలదు. కుక్క తాగకపోయినా, ఒళ్లు తడిస్తే తర్వాత బొచ్చు నాకుతుంది, విషం అలా కూడా లోపలికి పోతుంది. దిగిందంటే అక్కడికక్కడే మీ సీసా నీళ్లతో కడిగి, నాకకుండా పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.

6. చోయా ముళ్లు: దువ్వెన పని ఇక్కడ

చోయా అనే కాక్టస్ దూరం నుంచి బొచ్చు బొమ్మలా ముద్దుగా ఉంటుంది. దాని కొమ్మల ముక్కలు కింద రాలి, బంతుల్లా దారి మీద పడి ఉంటాయి. కాలు తగిలితే చాలు, అంటుకుంటుంది. ముళ్ల చివర కంటికి ఆనని వెనకవంపు కొక్కేలు ఉంటాయి. అందుకే లోపలికి దిగడం సులువు, ఊడడం కష్టం.

కుక్క చేసే మొదటి పని దాన్ని నోటితో పీకబోవడం. అప్పుడు పాదంలో ఉన్న బంతి నాలుక మీదికి, పెదవుల మీదికి వస్తుంది. కాబట్టి ముందు మూతి పట్టుకోండి, తర్వాతే కాలు. ఇద్దరుంటే ఒకరు మెడపట్టీ, ఒకరు దువ్వెన. దువ్వెన పళ్లను చర్మానికీ బంతికీ మధ్య దూర్చి, ఒక్క విసురుతో కుక్కకూ మీకూ దూరంగా ఎగరేయండి. మెల్లగా లాగితే అంతసేపూ నొప్పే. బంతి పోయాక చర్మంలో మిగిలిన ఒక్కో ముల్లును ప్లయర్‌తో మొదలు దగ్గర పట్టి, గుచ్చుకున్న దారిలోనే తిన్నగా లాగండి. వేళ్లతో ముట్టుకుంటే తర్వాతి రోగి మీరే. నోట్లో, కంటి దగ్గర గుచ్చుకుంటే మీరు ప్రయత్నించకండి, మత్తిచ్చి తీయాల్సి ఉంటుంది.

కుక్క హఠాత్తుగా మూడు కాళ్ల మీద ఆగిపోతే మాత్రం ప్రతిసారీ చోయా కాదు. చాలాసార్లు మన పల్లేరు కాయే. అవును, పొలం గట్ల మీద కాళ్లకు గుచ్చుకునే అదే పల్లేరు ఇక్కడా పార్కింగ్ అంచుల్లో పాకి ఉంటుంది. వేళ్ల సందుల్లో చూడండి.

7. పాములు, గోదురు కప్పలు

రాటిల్‌స్నేకులు, అంటే తోకతో గిలక మోగించే విషపు పాములు, ఎక్కువగా మార్చి నుంచి అక్టోబరు దాకా తిరుగుతాయి. వేసవిలో అవీ మనలాగే చల్లటి వేళ కోసం చూసి, తెల్లవారుజామున, రాత్రి బయటికి వస్తాయి. మీరు వెళ్లే టైమే వాటి టైము. దారి మధ్యలో నడవండి, రాళ్ల సందుల్లో, పొదల కింద కుక్కను ముక్కు పెట్టనివ్వకండి. పదిహేను అడుగులు సాగే లీష్ చివర ఉన్న కుక్క, గిలక చప్పుడు మీ చెవిన పడేసరికి, పాము ముందు నిలబడి ఉంటుంది. ఆరడుగులైతే వెనక్కి లాగే అవకాశముంది. పాము ప్రతిసారీ గిలక మోగించదు కూడా.

కాటు పడితే: గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, ఐసు పెట్టడం, ఇవేవీ చేయకండి. మెడపట్టీ విప్పేయండి, వాపు ముఖానికి పాకితే అది గొంతు నొక్కుతుంది. వీలైతే ఎత్తుకుని కారు దాకా తీసుకెళ్లండి, నడిపిస్తే విషం తొందరగా పాకుతుంది. దారిలోనే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

వానాకాలం, అంటే ఇక్కడి లెక్కలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా, రాత్రిళ్లు సొనోరన్ గోదురు కప్పలు బయటికి వస్తాయి. అరచేయంత ఉంటాయి, చర్మం నుంచి విషం స్రవిస్తుంది. కుక్క నోట పట్టిందంటే నురగ, చిగుళ్లు ఎర్రబడటం, తూలడం, తర్వాత ఫిట్స్. వెంటనే తల కిందికి వంచి, నోటి పక్క నుంచి ముందుకు కారేలా నీళ్లు పోయండి. తిన్నగా గొంతులోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడి గుడ్డతో చిగుళ్లూ నాలుకా తుడుస్తూ, మధ్యమధ్య గుడ్డ కడుగుతూ పది నిమిషాలు చేయాలి. ఆ తర్వాత డాక్టరు. ఫిట్స్ మొదలైతే మాత్రం కడుగుతూ కూర్చోకండి, బయల్దేరండి. పెరట్లో రాత్రంతా నీళ్ల గిన్నె ఉంచే అలవాటుంటే మానేయండి, కప్పలు అందులో కూర్చుంటాయి.

8. వడదెబ్బ గుర్తులు

నాలుక బయటికి వెడల్పుగా, గరిటెలా సాగి వేలాడటం మొదటి హెచ్చరిక. కనిపించిన నీడలోకల్లా పోయి పడుకోవడం రెండోది. చాలామంది దాన్ని మొండితనం అనుకుని లాగుతారు. చొంగ చిక్కబడి, చిగుళ్లు ఇటుక రంగులోకి మారి, కాళ్లు తడబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైంది. పగ్, బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఈ మెట్లన్నీ గబగబా దాటేస్తాయి. వాటికి వేసవిలో పదిహేను నిమిషాలే ఎక్కువ.

నీడలోకి తీసుకెళ్లి మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ గాలి తగలనివ్వండి. పొట్ట, చంకలు, పాదాలు బాగా తడపాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది కాసేపటికి దుప్పటిలా వేడిని ఆపుతుంది. ముందు చల్లబరచాలి, తర్వాత బయల్దేరాలి. కారులో ఏసీ పూర్తిగా పెట్టండి. లేచి తోక ఊపినా డాక్టరుకు చూపించాల్సిందే, లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి మర్నాడు బయటపడుతుంది.

నడక అయ్యాక "రెండు నిమిషాల్లో పాల డబ్బా తెచ్చేస్తా" అని కుక్కను కారులో వదలకండి. బయట 95 ఫారన్‌హీట్ ఉంటే అరగంటలో లోపల 129 అవుతుంది. అలా చిక్కుకున్న పెంపుడు జంతువు కనిపిస్తే, కొన్ని షరతులతో, అద్దం పగలగొట్టి కాపాడటానికి అరిజోనా చట్టం 2017 నుంచి రక్షణ ఇస్తోంది. ముందు పోలీసులకు ఫోన్ చేయాలి, వాళ్లొచ్చే దాకా అక్కడే ఉండాలి.

9. ఇంటికొచ్చాక

పాదాలు కడిగి వేళ్ల సందులు, చెవులు, చంకలు చూడండి. గడ్డి ముళ్లు చెవిలో దూరితే కుక్క తల విదిలిస్తూనే ఉంటుంది. మెత్తలు మామూలు కంటే నల్లబడినా, పొర లేచినా, ఆగకుండా నాకుతున్నా కాలాయని అర్థం.

చివరగా వ్యాలీ ఫీవర్. ఇక్కడి మట్టిలో ఉండే ఫంగస్ దుమ్ముతో పీల్చుకుంటే వస్తుంది. నేలలో ముక్కు పెట్టి తవ్వే కుక్కలకు ముప్పు ఎక్కువ. దుమ్ము తుఫాను వచ్చిన రోజున, ఇళ్లు కట్టడానికి కొత్తగా తవ్వుతున్న చోట నడక వద్దు. దుమ్ము పీల్చిన కొన్ని వారాలకు పొడి దగ్గు, జ్వరం, తిండి మానేయడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. కొన్నింటిలో దగ్గే ఉండదు, కారణం లేని కుంటే మొదటి గుర్తు. రక్తపరీక్షతో తెలుస్తుంది, ఫంగస్ మాత్రలు నెలల తరబడి, తరచు ఆరు నుంచి పన్నెండు నెలలు, వాడాలి. కుక్క నుంచి మనకు అంటదు. ఉద్యోగం మారి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లాక కుక్కకు దగ్గు మొదలైతే అక్కడి డాక్టరుకు "ఇంతకుముందు అరిజోనాలో ఉన్నాం" అని మీరే చెప్పాలి. చెప్పకపోతే ఆ పరీక్ష చేయించాలని వాళ్లకు తట్టకపోవచ్చు.